పొయ్యిరాయి – తొడుగురాయి

నిరుడు ఎండాకాలంలో కొల్లాపురం దగ్గర తెలిసినవారి గృహప్రవేశానికి వెళ్ళాను. ఇల్లు కొత్తది, పెద్దది. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగోడకు ఒక ఫైర్‌ప్లేస్ కనిపించింది. నేల నుంచి కప్పుదాకా మొరటురాళ్ళు, వాటికడ్డంగా చిత్రిక పట్టని చెట్టుమొద్దు, లోపల కుప్పగా పేర్చిన కట్టెలు. ఆ కట్టెల వెనక ఒక ఎర్రటి కరెంటుదీపం మంటలాగా ఆడుతోంది. దానికి పైన ఏ.సి. యంత్రం పనిచేస్తోంది. బయట 42 డిగ్రీల ఎండ. వచ్చినవాళ్ళంతా ఆ రాళ్ళను తడిమి చూసి, "అడవిలో బంగళా లాగుంది" అని మెచ్చుకుంటున్నారు. పాలు పొంగించడానికి మాత్రం ఇంటివాళ్ళు పెరట్లో మూడు ఇటుకలు పెట్టి నిజం కట్టెలు రాజేశారు. ఆ పొగలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న ముసలామె వైపు ఎవరూ పోలేదు.

ఒక ఇంటి అలంకారం గురించి సాహిత్యపత్రికలో చర్చ ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఉంది. ఆ వారంలోనే నేను ఒక కథలపోటీకి వచ్చిన రచనలు చదువుతున్నాను. వాటిలో సగానికి పైగా కథల్లో ఒక పల్లె, ఆ పల్లెలో ఒక అమ్మ, ఆ అమ్మ ముందు ఒక కట్టెలపొయ్యి. కథ ఏదైనా సరే, పొయ్యి తప్పదు. కథకుడు పట్నంలో ఉంటాడు, దిగులుపడతాడు, పొయ్యిని తలచుకుంటాడు, కథ ముగుస్తుంది. ఆ హాల్లో గోడకు అంటించిన రాళ్ళకూ, ఈ కథలకు అంటించిన పొయ్యికీ ఏదో చుట్టరికం ఉందని నాకు తోచింది. ఆ చుట్టరికం ఏమిటో తేల్చుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముందుగా మాటను చూద్దాం. నిప్పుకు సంబంధించి తెలుగులో ఎన్ని మాటలున్నాయో లెక్కపెడితే ఆశ్చర్యం కలుగుతుంది. వండుకోవడానికి పొయ్యి. పెళ్ళికో చావుకో పదిమందికి వండాలంటే నేలలో తవ్విన గాడిపొయ్యి. పాలు కాగడానికి దాలి. బొగ్గులకు కుంపటి. చలికి చలిమంట. అడవిలో రాత్రిపూట మృగాలు దగ్గరికి రాకుండా వేసేది నెగడు. ప్రతి మాటకూ వెనక ఒక పని ఉంది. తిండి లేదనడానికి కూడా మనవాళ్ళు పొయ్యినే పట్టుకున్నారు, "పొయ్యిలో పిల్లి లేవలేదు" అని. ఇన్ని మాటలున్న భాషలో ఫైర్‌ప్లేస్‌కు మాత్రం జనం నోట నలిగిన మాట లేదు. అవసరం లేనిచోట మాట పుట్టదు కనుక లేదు. ఉత్తరాది పర్వతాల్లోనూ, ఊటీ వంటి చలికొండల మీద దొరల బంగళాల్లోనూ దానికి పని ఉండేదేమోగాని, కృష్ణ ఒడ్డున దానికి పనేమిటి?

పనిలేని వస్తువు ఇంట్లోకి వచ్చిందంటే అది వస్తువుగా రాలేదు, గుర్తుగా వచ్చింది. మనకది మొదట సినిమాల ద్వారా పరిచయమైంది. వాన, ఒంటరి బంగళా, తడిసిన జంట, మండుతున్న నిప్పు అనే సన్నివేశం 1969లో వచ్చిన హిందీ "ఆరాధన" నాటికే దేశమంతా కంఠతా పట్టింది. ఐతే సినిమా దాన్ని పుట్టించలేదు, తెచ్చి మన ముందు పెట్టింది. పుట్టుక ఎక్కడో తెలియాలంటే అమెరికా అడవుల దాకా పోవాలి.

2

1869లో డబ్ల్యు.హెచ్.హెచ్. ముర్రే అనే మతబోధకుడు న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరొండాక్ అడవుల మీద ఒక పుస్తకం రాశాడు. అది చదివి పట్నాల్లోని డబ్బున్నవాళ్ళు ఆ అడవులకు ఎగబడ్డారు. ఆ తర్వాత పదేళ్ళలోపే విలియం వెస్ట్ డ్యూరాంట్ అనే ఆయన అక్కడ "గ్రేట్ క్యాంప్" అనే కొత్తరకం విడిదిళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. బెరడు తీయని దుంగలు, చెక్కని రాళ్ళు, హాలు మధ్య పెద్ద రాతి నిప్పుగూడు, ఇదీ ఆ ఇళ్ళ పోకడ. ఈ డ్యూరాంట్ ఎవరు? యూనియన్ పసిఫిక్ రైల్వేను నడిపిన థామస్ డ్యూరాంట్ కొడుకు. అతను 1897లో కట్టిన సాగమోర్ అనే విడిదిని 1901లో వాండర్‌బిల్ట్ కుటుంబీకుడు కొన్నాడు. అదీ రైలుమార్గాల మీద గడించిన సొత్తే. అడవుల్ని చీల్చుకుంటూ పట్టాలు వేసినవాళ్ళే అడవి మొరటుదనాన్ని ఇంట్లో అలంకరించుకున్నారన్నది మనం మొదట గమనించవలసిన విషయం. ఆ సాగమోర్‌లో పనివాళ్ళ ఇళ్ళు, కొలిమి, వడ్రంగిశాల విడిదికి దూరంగా వేరే ఉండేవి. నిప్పు ముందు కూర్చునేవాళ్ళు ఒకరు, దానికి కట్టెలు కొట్టేవాళ్ళు మరొకరు.

ఈ పోకడకు శిఖరం ఎల్లోస్టోన్‌లోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్. 1903–04 చలికాలంలో రాబర్ట్ రీమర్ అనే యువ వాస్తుశిల్పి దీన్ని కట్టించాడు. డబ్బు నార్తర్న్ పసిఫిక్ రైల్వేది. హాలు మధ్య నిలబెట్టిన రాతిగుట్ట బరువు సుమారు 500 టన్నులు. ఆ రాయి చుట్టుపక్కల కొండల్లోదే, అగ్నిపర్వతం నుంచి పుట్టిన రయొలైట్. దానికి చిన్నా పెద్దా కలిపి ఎనిమిది నిప్పుగూళ్ళు. 1959 భూకంపంలో ఆ పొగగొట్టం బాగా దెబ్బతిన్నది కూడా. ఇంతవరకు అది శిల్పుల నైపుణ్యానికి నిదర్శనం. కాదనను. కాని ఆ హోటలు తెరిచిన 1904లోనే అందులో కరెంటు దీపాలున్నాయి, ఆవిరితో గదులు వెచ్చబరిచే ఏర్పాటు ఉంది. అంటే ఆ మహా నిప్పుగూడు చలి కోసం కట్టింది కాదు. అసలు తెరిచిన నిప్పుగూడు చలికి మంచి సాధనమే కాదు. దాని వేడిలో అధికభాగం పొగతోపాటు పైకి పోతుంది, పోతూ గదిలోని వెచ్చటి గాలిని కూడా ఈడ్చుకుపోతుంది. ఈ నష్టం తగ్గించడానికే 1740ల్లో ఫ్రాంక్లిన్ ఇనుప స్టవ్ తయారుచేశాడు, 1796లో రమ్‌ఫర్డ్ నిప్పుగూటి కొలతలు మార్చమని వ్యాసం రాశాడు. ఇవన్నీ తెలిసిన వంద సంవత్సరాల తర్వాత, ఆవిరిగొట్టాలు గోడల్లో దాచి, హాలు మధ్య 500 టన్నుల రాయి నిలబెట్టారు. రైలు దిగి వచ్చిన పట్నవాసికి "నువ్వు ఆదిమ అడవిలో ఉన్నావు" అని చెప్పడానికి.

ఆ అడవి నిజంగా మనుషులు లేని ఆదిమారణ్యమా? కాదు. ఎల్లోస్టోన్‌ను 1872లో జాతీయవనం చేశారు. అక్కడ అంతకుముందు వందల ఏళ్ళుగా టుకుడికా అనే షొషోనీ తెగవాళ్ళు కాపురమున్నారు. 1879 నాటికి వాళ్ళను వెళ్ళగొట్టారు. పైగా, వేడినీటి బుగ్గలంటే భయపడి ఆదివాసులు అటువైపు వచ్చేవాళ్ళే కాదని ఒక కట్టుకథ ప్రచారంలో పెట్టారు. యోసెమిటీ సంగతి ఇంకా బాధాకరం. అక్కడ 1927లో తెరిచిన అవానీ హోటల్ పెద్ద పెద్ద రాతి నిప్పుగూళ్ళకు పేరుపొందింది. ఆ పేరు ఆదివాసులది, ఆ స్థలం వాళ్ళ పాత ఊరిది. ఆ లోయలో మిగిలిన చివరి ఆదివాసీ వాడను ఖాళీ చేయించి 1969లో తగలబెట్టారు, మంటలార్పే శిక్షణలో భాగంగా! అంటే అక్కడ ఒకేచోట రెండు రకాల మంటలున్నాయి. అతిథుల కోసం వెలిగించిన మంట ఒకటి, ఇంటివాళ్ళ ఇల్లు కాల్చిన మంట ఒకటి. మొదటిదాని ఫోటోలు మాత్రమే వాస్తుశిల్ప గ్రంథాల కెక్కాయి.

దీన్నిబట్టి రాతి నిప్పుగూడు రూపమే దోపిడీరూపమని తీర్మానించడం యాంత్రికం అవుతుంది. అదే దేశంలో అదే రూపానికి వేరే అర్థం వచ్చిన సందర్భాలున్నాయి. థోరో 1854లో ప్రచురించిన "వాల్డెన్"లో తన గుడిసెకు పొగగొట్టం తానే కట్టుకున్న వైనం ఉంది. పాత ఇటుకలు తెచ్చి, అంటిన సున్నం గీకి, సందుల్లో చెరువుగట్టు రాళ్ళు పెట్టుకున్నాడు. మరుసటి చలికాలం కట్టె ఆదా అవుతుందని స్టవ్ తెచ్చుకుని, నిప్పు మొహం కనపడక తోడు పోయినట్టయిందని బాధపడ్డాడు. ఆ బాధ మనకు అతకదు అనిపించదు. ఎందుకంటే అతను రాయి మోశాడు, కట్టె కొట్టాడు, లాభనష్టాలు లెక్క రాశాడు.

రెండో ఉదాహరణ ఆరెగాన్ రాష్ట్రంలోని టింబర్‌లైన్ లాడ్జి. 1936–38 మధ్య, ఆర్థికమాంద్యంలో పనిలేని వారికి పని కల్పించే ప్రభుత్వ పథకం కింద కట్టారు. మధ్యలో ఆరుముఖాల రాతి పొగగొట్టం, ఎత్తు సుమారు 90 అడుగులు. నిప్పులో కట్టెల్ని ఎత్తిపట్టే ఇనుప దిమ్మెల్ని కమ్మరులు పాత రైలుపట్టాలు సాగగొట్టి చేశారు. మంట ముందు తెరల్ని, మంచులో బళ్ళ చక్రాలకు చుట్టే గొలుసులతో అల్లారు. రాతిపనివాళ్ళు, కమ్మరులు, నేతపని చేసిన ఆడవాళ్ళు ఆ భవనం చరిత్రలో కనిపిస్తారు. తర్వాత అదీ డబ్బున్నవాళ్ళ మంచు ఆటల విడిదే అయింది, అది వేరే సంగతి. కాని ఆ రాళ్ళలో శ్రమ దాక్కోలేదు.

కనుక తేడా రాయిలో లేదు. రాయికీ, దాన్ని మోసిన చేతికీ, దాని ముందు కూర్చున్న మనిషికీ మధ్య సంబంధంలో ఉంది. సాహిత్యంలో మనం వస్తువు, శిల్పం అని విడదీసి చర్చించేదీ చివరకు ఈ సంబంధాన్నే.

3

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఈ ప్రాంతపు జటప్రోలు సంస్థానాధిపతి సురభి మాధవరాయలు పదిహేడో శతాబ్దంలో "చంద్రికాపరిణయం" అనే ప్రబంధం రాశాడు. ప్రబంధకవులకు అడవి అంటే చాలావరకు రాజు వేటకు రంగస్థలం. పెద్దన "మనుచరిత్ర"లో స్వరోచి వేట మనవాళ్ళు పాఠంగా చదువుకున్నదే. వేట ఉంటుంది, వేటకుక్కలుంటాయి, మృగాల పేర్లుంటాయి. సాయంత్రం అడవివాడి గుడిసెలో ఏం ఉడికిందో ఉండదు. ఆ తర్వాత నిజాం పాలనలో నల్లమల ఫరహాబాద్ ప్రాంతం పాలకుల వేటస్థలమైంది. వేటబంగళా శిథిలాలు ఈనాటికీ అక్కడున్నాయి. అడిరొండాక్‌లో రైల్వే యజమానులు చేసిన పనే ఇక్కడ ప్రభువులు చేశారు. ఒకడి బతుకుచోటును మరొకడి వినోదస్థలం చేశారు.

ఆ అడవిలో పొయ్యి వెలిగించుకున్నవాళ్ళు చెంచులు. హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ళ పెంటల్లో తిరిగి, 1943లో వాళ్ళ మీద పుస్తకం ప్రకటించాడు. సరిగ్గా అదే సంవత్సరం "చెంచులక్ష్మి" సినిమా వచ్చింది, 1958లో మళ్ళీ వచ్చింది. చెంచుల గురించి తెలుగు చదువరికి గుర్తున్నది ఆ సినిమానే గాని ఆ పుస్తకం కాదు. 1978లో ఆ అడవి అభయారణ్యమయింది. అప్పట్నుంచీ పెంటలను బయటికి తరలించే మాట ఏదో ఒక రూపంలో వినపడుతూనే ఉంది.

ఇక సోమశిల. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. "ఆపరేషన్ డిమాలిషన్" అనే పేరు పెట్టి మరీ ఇళ్ళు కూలగొట్టారు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు, లక్షమందికి పైగా జనం. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలన్న 98వ నంబరు జి.ఓ. 1986లో వచ్చింది. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు ఈ ప్రాంతంలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఆ సమయంలోనే ముంపుకింద పడ్డ గుడులను పురావస్తుశాఖ విప్పి, రాయిరాయికీ గుర్తులు వేసి, ఎత్తైన చోట్ల తిరిగి కట్టింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి వచ్చింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కదిలింది. సోమశిలలో సోమేశ్వరుడి గుళ్ళు కూడా అలా పైకి వచ్చినవే. ఈ పని తప్పని నేననను. శతాబ్దాల నాటి శిల్పుల శ్రమ నీళ్ళపాలు కాకుండా నిలిచింది, సంతోషమే. కాని ఆ లెక్కలో ఒక విషయం దాగి ఉంది. దేవుడి రాయికి నంబరు వేసిన దేశం, పొయ్యిరాయికి నంబరు వేయలేదు. ఏ ఇంట్లో ఎన్ని పొయ్యిలు ఆరిపోయాయో ఏ రిజిస్టరులోనూ లేదు. నష్టపరిహారం లెక్కల్లో గోడలున్నాయి, వాసాలున్నాయి, చెట్లున్నాయి. పొయ్యికి ధర కట్టడం ఎవరికీ తోచలేదు. తోచదు కూడా. అది మూడు రాళ్ళే గదా!

ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. చూడడానికి జనం పడవల మీద వస్తారు. పాత ఊళ్ళ మొండిగోడలు కూడా అక్కడక్కడ తేలుతాయి. వాటిని చూడడానికి ఎవరూ రారు, ఆ ఊళ్ళవాళ్ళు తప్ప.

ఇదే తీరం ఈనాడు విహారస్థలం. 2015–16లో కేంద్రప్రభుత్వం స్వదేశ్ దర్శన్ పథకం కింద సుమారు 91 కోట్ల రూపాయలతో ఒక "ఎకో సర్క్యూట్" మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అన్నీ అందులో ఉన్నాయి. కాటేజీలు వచ్చాయి, లాంచీలు నడుస్తున్నాయి. దానివల్ల పడవవాళ్ళకు, చేపలు వేయించే ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు వస్తున్నాయి. అది కాదనడానికి నాకు నోరు రాదు. నా పేచీ విహారంతో కాదు, మరుపుతో. నిర్వాసితుల నీళ్ళను "ప్రశాంత ప్రకృతి" అని అమ్మేటప్పుడు, టుకుడికాల అడవిని "ఆదిమారణ్యం" అని అమ్మిన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. ముందు మనుషుల్ని తీసివేయి, తర్వాత వాళ్ళ మొరటుదనాన్ని అలంకారంగా పెట్టు. మొదట చెప్పిన హాల్లోని ఫైర్‌ప్లేస్ ఈ సూత్రం ప్రకారమే అక్కడికి వచ్చింది.

4

ఆ గృహప్రవేశం రోజు నేను ఆ ఫైర్‌ప్లేస్ కట్టిన మేస్త్రీతో మాట్లాడాను. అతను వడ్డెరతను. తాత నాగార్జునసాగర్ దగ్గర రాళ్ళు కొట్టాడట. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టలకు రాళ్ళు మోశారో వేరే చెప్పనక్కరలేదు. "ఇది రాతికట్టుడు కాదు సారూ, క్లాడింగు. వెనక ఇటుకగోడ ఉంది. అంగుళం మందం రాయి ముక్కలు గమ్ముతోటి అంటిచ్చినం. ఈ రాయి మీద ఏం బరువు లేదు" అన్నాడు. తర్వాత నవ్వి, "మా తాత జూస్తే కొట్టేటోడు" అన్నాడు.

ఆ మాట నాకు పెద్ద పాఠంగా తోచింది. పొయ్యిరాయి బరువు మోస్తుంది. కుండ బరువు, కుండలో నీళ్ళ బరువు, గింజల బరువు. మూడింటిలో ఒకటి జరిగితే కుండ ఒలుగుతుంది. తొడుగురాయి ఏదీ మోయదు. దాన్ని ఊడబెరికినా గోడ పడదు. చూడడానికి రెండూ మొరటురాళ్ళే. ఇంకా చెప్పాలంటే తొడుగురాయే ఎక్కువ మొరటుగా కనిపిస్తుంది, ఎందుకంటే అలా కనిపించడమే దాని పని.

పోటీకథల్లో పొయ్యి చాలావరకు ఈ తొడుగురాయే. ఒక కథలో కొడుకు అమెరికా నుంచి వస్తాడు, తల్లి కట్టెలపొయ్యి మీద జొన్నరొట్టె చేసిపెడుతుంది, అతని కళ్ళు చెమరుస్తాయి. ఆ పొయ్యి తీసి గ్యాస్ స్టవ్ పెట్టండి. కథలో ఏమీ కూలదు. ఎవరి బతుకూ మారదు. కట్టె ఎక్కడిది, ఎన్ని మైళ్ళు మోసింది, అడవి అధికారి ఆపాడా, వానాకాలం తడికట్టెతో ఏం చేసింది, ఇవేవీ కథకుడికి పట్టవు. అతనికి కావలసింది పొయ్యి కాదు, పొయ్యి ముందు కూర్చున్న తన దిగులు. ఆ హాల్లో కరెంటుమంటకు ఎదురుగా సోఫా వేసినట్టు!

మాండలికం సంగతీ ఇంతే. ప్రాంతీయభాష కథల్లోకి రావడం మన సాహిత్యోద్యమాలు సాధించిన పెద్ద విజయం. కాని నాలుగు "గిట్ల", రెండు "యాడ" సంభాషణల్లో అంటించి, ఆలోచనంతా పట్నం మధ్యతరగతిదిగా ఉంచితే అది క్లాడింగే అవుతుంది. మాండలికం బరువు మోయాలి. ఆ మాటను ప్రామాణికభాషలోకి మారిస్తే కథ కూలిపోవాలి. కూలకపోతే ఆ మాట అక్కడ అలంకారమే. మన ఆలంకారికులు ఔచిత్యం అన్నది దీన్నే. మొరటుదనానికి కూడా ఔచిత్యం ఉంటుంది.

పొయ్యికి ఇంకో ముఖం ఉంది. దాన్ని చూడడానికి మన కవిత్వానికి చాలాకాలం పట్టింది. విమల "వంటిల్లు" కవిత అక్కడ ఒక మలుపు. వంటింటిని రుచుల, వాసనల జ్ఞాపకంగా తలచుకున్న గొంతే, దాన్ని ఆడదాని బతుకును మింగేసిన చోటుగా కూడా చూపింది. జ్ఞాపకం అబద్ధం కాదు, బాధ అబద్ధం కాదు. రెండూ ఒక్కచోటే ఉన్నాయి. ఆ కవిత వచ్చిన తర్వాత కూడా పొయ్యిని కేవలం తీపిజ్ఞాపకంగా రాస్తున్నామంటే మనం వెనక్కి నడుస్తున్నామన్నమాట.

5

ఇంతవరకు ఇతరుల తప్పులు ఎంచాను. నా సంగతి చెప్పకపోతే ఇది విమర్శ కాదు.

మా ఊరు మునిగినప్పుడు నేను చంకపిల్లవాణ్ణి. నాకు తెలిసిందంతా మా అమ్మ చెప్పిందే. సామాను బండి కెక్కించేటప్పుడు ఆమె పొయ్యిరాళ్ళు మూడూ తెచ్చి గోనెసంచిలో వేసిందట. "రాళ్ళు దొరకని ఊరికి పోతున్నమా?" అని మా నాయన కోపం చేసి దింపేశాడట. ఎమ్మే చదివే రోజుల్లో నేను దీని మీద ఒక దీర్ఘకవిత రాశాను. పొయ్యి మా ఇంటి గుండె అన్నాను. మంట మా అమ్మ నుదుటి బొట్టు అన్నాను. నీళ్ళ అడుగున ఆ పొయ్యి ఇంకా మండుతూనే ఉందన్నాను. మిత్రులు మెచ్చుకున్నారు. ఒక సంచికలో అచ్చయింది. ఇంటికి తీసుకుపోయి అమ్మకు చదివి వినిపించాను.

ఆమె చివరిదాకా విన్నది. తర్వాత, "పొయ్యి మంచిగనే రాసినవ్ బిడ్డా. పొగ యాడ పెట్టినవ్?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళు ఆ పొగలో ఊదిన మనిషి ఆమె. సాయంత్రమైతే చూపు మసక. రాత్రుళ్ళు దగ్గు. కవితలో మంట ఉంది, పొగ లేదు. అంటే నేను పొయ్యికి ఎదురుగా కూర్చుని రాశాను, వెనక కూర్చుని కాదు. నేను రాసింది ఫైర్‌ప్లేసు.

మరి ఆ రాళ్ళు ఎందుకు తెచ్చుకోవాలనుకున్నావని అడిగాను. "రాయి మీద ప్రేమతోని గాదురా. అవి మూడు సమానంగ గూసున్న రాళ్ళు. కుండ ఒలుగది. అట్లాంటియి కుదరాలంటే ఎన్ని దినాలు బడ్తది?" అన్నది. అప్పుడు నాకు అర్థమయింది. నేను గుండె అనుకున్నది ఆమెకు ఒక పనిముట్టు. ఏళ్ళ తరబడి చేతికి కుదిరిన పనిముట్టు. అది పోవడం ఆమెకు కవిత్వం కాదు, పని నష్టం. కొత్త ఊళ్ళో మొదటి నెల కుండలు ఎన్ని ఒలికాయో, ఆ ఒలికిన గంజికి ఎవరు పస్తున్నారో, అదీ రాయవలసిన కవిత. నేనింకా రాయలేదు.

నా కవిత చెడ్డదైంది భావం అబద్ధమైనందువల్ల కాదు. దుఃఖం నిజమే. కాని ఆ దుఃఖానికి ఆధారమైన శ్రమను వదిలేసి దుఃఖాన్ని మాత్రమే తీసుకున్నాను. రాయిలోంచి అంగుళం మందం చెక్కు తీసి గోడకు అంటించాను.

6

పొయ్యి గురించి రాయవద్దని నేననడం లేదు. వర్ధమాన రచయితలకు, విద్యార్థులకు నేను చెప్పదలచింది ఇంతే. పొయ్యినిగాని, గుడిసెనుగాని, అడవినిగాని రచనలోకి తెచ్చేముందు మూడు సంగతులు తెలుసుకోండి. ఈ రాయి ఎవరు మోశారు? ఈ కట్టె ఎవరు తెచ్చారు? ఈ మంట వెలగడం కోసం ఎక్కడ ఎవరి పొయ్యి ఆరింది? ఇవి రచనలో చెప్పాలని కాదు. చెప్పకపోయినా రాసేవాడికి తెలిసి ఉంటే ఆ బరువు వాక్యంలోకి వస్తుంది. థోరోకు తెలుసు. రైలుపట్టాల్ని సాగగొట్టిన కమ్మరికి తెలుసు. క్లాడింగు చేసిన మేస్త్రీకి కూడా తెలుసు. తెలియనిది దాని ముందు సోఫాలో కూర్చున్నవాడికే.

"అందమైన ఒక వస్తువు మీద ఇంత కోపమెందుకు, చూసి ఆనందించవచ్చు గదా" అని ఒక మిత్రుడన్నాడు. నిజమే, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ హాలు ఫోటో చూసినప్పుడు నాకూ ఒళ్ళు పులకరించింది. ఆ కట్టుబడి గొప్పది. సౌందర్యాన్ని కాదనడం విమర్శకుడి పని కాదు. ఆ సౌందర్యానికి ఎవరు ఎంత చెల్లించారో అడగడం అతని పని. ఆ లెక్క తెలిసిన తర్వాత కూడా అందం నిలిస్తే అది నిలవదగిన అందమే.

ఆ రోజు గృహప్రవేశం నుంచి బయలుదేరేటప్పుడు పెరటివైపు నుంచి వచ్చాను. పాలు పొంగించిన మూడు ఇటుకల మధ్య బూడిద ఇంకా వేడిగా ఉంది. ముసలామె ఇటుకలు తీసి గోడవారకు పేర్చి, బూడిద తట్టలోకి ఎత్తుతోంది. అంట్లు తోమడానికి పనికొస్తుందట.

లోపల హాల్లో దీపం ఇంకా ఎర్రగా ఆడుతూనే ఉంది. దానికి బూడిద కాదు.